సొన్నమ్మతో పందెం

12 ఏప్రిల్ 2003, శనివారం

ఈ రోజు ఊరిగాంలో నాకు సన్మానం. మా తెలుగు బడి పాత విద్యార్థుల సంఘం వాళ్లు శాలువా కప్పి, ఇత్తడి పళ్లెం చేతికిచ్చి, "శ్రమజీవి ఓబలప్ప" అని మైకులో పిలిచారు. నేను రాసుకుపోయిన కాగితం జేబులోంచి తీయలేదు. మాటలు వాటంతటవే వచ్చాయి. చాంపియన్ రీఫ్స్‌లో గని కార్మికుల లైన్లలో ఒంటిగది ఇంట్లో పుట్టానని చెప్పాను. మా నాయన బంగారు గని లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేశాడని చెప్పాను. ఈ రోజు నంగలిలో నాకు పన్నెండెకరాల టమాటా తోట ఉందంటే అది ఈ రెండు చేతుల కష్టమే అని చేతులెత్తి చూపించాను. చివర్లో ఇంకో మాట కూడా అన్నాను. నాతో సమానంగా కష్టపడినవాడెవడూ పేదవాడిగా మిగల్లేదు, మిగిలాడంటే వాడి ఒళ్లు వంగలేదని అర్థం, అన్నాను. చప్పట్లే చప్పట్లు.

వెనక వరుసలో గని మూతపడినప్పటి నుంచీ ఖాళీగా ఉన్నవాళ్లు కొందరు కూర్చున్నారు. వాళ్లు చప్పట్లు కొట్టలేదు. కడుపుమంట, ఇంకేముంటుంది.

జీపులో తిరిగొచ్చేటప్పుడు చిన్నవెంకటమ్మ బయటికే చూస్తూ కూర్చుంది. ఏమే, బాగా మాట్లాడినానా అని అడిగాను. "బాగా మాట్లాడినావు" అంది. జ్వరమొచ్చినవాడికి జవాబు చెప్పినట్టు చెప్పింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఈ మనిషి నన్ను ఒక్కసారీ సరిగ్గా మెచ్చుకోలేదు.

13 ఏప్రిల్

మా మేస్త్రీ పాపన్న నోట్లో నువ్వుగింజ నానదు. నిన్న జీపు తోలింది వాడే. పొద్దున్నే నా ఉపన్యాసమంతా తోటలో కూలివాళ్లకు ఒప్పజెప్పేశాడు. నేను వెళ్లేసరికి సొన్నమ్మ సాలు మధ్యలో నిలబడి నా కోసమే చూస్తోంది.

సొన్నమ్మకు నాకంటే ఆరేడేళ్లు ఎక్కువే ఉంటాయి. పదిహేనేళ్లుగా నా తోటలో కూలికి వస్తోంది. ఆమె మొగుడు గంగప్ప మా నాయనతోపాటు గనిలో పనిచేశాడు. మా నాయన ఇక్కడ భూమి కొన్నప్పుడు ఆయన కూడా పక్కనే ఒక ఎకరా కొన్నాడు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆ ఎకరా చుక్క నీరు లేకుండా ఎండి, నా తోటకూ తారురోడ్డుకూ మధ్య అడ్డంగా పడి ఉంది. నా ట్రాక్టరు ఊరంతా చుట్టి రోడ్డెక్కాలి. అమ్మమని ఎన్నోసార్లు అడిగాను, అమ్మదు.

"నీతో సమానంగా కష్టపడినోళ్లెవురూ పేదోళ్లు కాలేదంట గదప్పా?" అని అడిగింది.

అన్నాను, అయితే ఏమి, అన్నాను.

"అట్లయితే ఈ పదైదేండ్లూ నేను చేసింది ఏమప్పా?"

నలభై మంది చూస్తున్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "నువ్వు చేసేది కూలి సొన్నమ్మా. నేను చేసింది కష్టం. రెండూ ఒకటి కాదు" అన్నాను.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "సరేప్పా. ఇంగా పదునాలుగు దినాలు కోత ఉండాది. నా పక్క సాలు నువ్వు పట్టు. ఒక్కటంటే ఒక్క దినం నాకు సమానంగా బాక్సులు కొయ్యి చాలు. కోస్తే నా మడి నీకు రాసిస్తాను, నువ్వు చెప్పిన ధరకే. కొయ్యలేకపోతే నా మడికి ఒక పంటకు నీళ్లియ్యి."

పదునాలుగు రోజుల్లో ఒక్క రోజు. ఏళ్ల తరబడి అడిగినా ఇవ్వని ఎకరా తనంతట తానే చేతికొస్తోంది. సరే అన్నాను. ఎల్లుండి నుంచి మొదలు.

ఇంటికొచ్చి చెప్తే చిన్నవెంకటమ్మ చాలాసేపు నవ్వింది. ఎందుకు నవ్వుతున్నావంటే చెప్పలేదు.

15 ఏప్రిల్

మొదటి రోజు. సొన్నమ్మ ఇరవై ఏడు బాక్సులు. నేను తొమ్మిది. అలవాటు లేదు కాబట్టి తొమ్మిది, అంతే. రేపు చూడాలి.

చేతులు నల్లగా, జిగురుగా అయ్యాయి. సబ్బు పెట్టి రుద్దినా పోలేదు. పదిహేనేళ్ల నుంచి టమాటా రైతును, ఆకు పసరు ఇంత మొండిదని నాకు తెలియదు.

16 ఏప్రిల్

ఏడు. నడుం నొప్పి కాదు, వాయువు.

17 ఏప్రిల్

పరువు పోయింది. మండీ నుంచి బచ్చప్ప ఫోను చేశాడు. నా సరుకంతా వేలం వేసేది ఆయనే. "ఏమప్పా ఓబలప్పా, ఎవురో కొత్తోన్ని పెట్టుకున్నట్టుండావే? కాయలకు తొడిమెలట్లే ఉండాయి. పక్క కాయల్ని పొడిచి ఎనిమిది బాక్సులు చెడిపోయినాయి. ఆ కొత్తోన్ని తీసేయప్పా" అన్నాడు.

తీసేస్తాను అన్నాను.

మధ్యాహ్నం సొన్నమ్మ అడగకుండానే చూపించింది. కాయను లాగకూడదు. బొటనవేలు తొడిమె మీద పెట్టి, కాయను కొంచెం పక్కకు తిప్పితే అదే ఊడి వస్తుంది. ఎర్రగా పండినవి చెట్టుకే వదిలేసి దోరకాయలే కోయాలి. ఈ సంగతి నాకు తెలుసు, వందసార్లు పాపన్నకు చెప్పాను. నా వేళ్లకే తెలియదు. పచ్చికాయ ఒకటి నలిపి ఆ రసంతో చేతులు కడుక్కోమంది. నలుపు వదిలింది.

ఆమె పందెం కట్టింది నాతో. మళ్లీ పని నేర్పేదీ ఆమే. ఇదేమి మనిషో నాకు అర్థం కాదు.

18 ఏప్రిల్

పన్నెండు.

20 ఏప్రిల్

పద్నాలుగు. ఎండ మండిపోతోంది. చిన్నవెంకటమ్మ రాగిముద్ద, ఉప్పుసారు పంపితే నిలబడే తినేశాను, కూర్చుంటే లేవలేనని భయం.

సొన్నమ్మ తన మడి అంచున కూర్చుని తింది. గంగప్ప వేసిన ఎండు బోరు గొట్టం నేల మీదికి రెండడుగులు లేచి ఉంటుంది. దాని మీద రాయి పెట్టి మూశారు. ఆ రాయి మీద గిన్నె పెట్టుకుని తింటుంది రోజూ. అక్కడికి నా మోటారు షెడ్డు పదడుగుల దూరం. నా బోరు నా హద్దు లోపలే వేసుకున్నాను.

ఆ సంగతి ఇక్కడ రాయాల్సిన అవసరమేమీ లేదు. అయినా రాస్తాను, నా డైరీ నా ఇష్టం. ఎనభై ఎనిమిదిలో నీళ్లు చూసే ఆయన వచ్చాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని రెండు పొలాలూ నడిచాడు. కాయ లేచి నిలబడింది గంగప్ప మడి మూలలో. గంగప్పకు అప్పుడు బోరు వేయించే స్తోమత లేదు. మా నాయనకు గని నుంచి రిటైరైన డబ్బు వచ్చి ఉంది. నేను పదడుగులు ఇవతలగా బోరు వేయించాను. నీళ్లు తన్నుకుని వచ్చాయి. చట్టం ప్రకారం, ధర్మం ప్రకారం, నా హద్దు లోపలే.

గని మూతపడ్డాక గంగప్ప తనకు వచ్చిన డబ్బుతో అదే మూలలో బోరు వేయించాడు. దుమ్ము లేచింది. ఇంకొకటి వేయించాడు. అదీ దుమ్మే. వాళ్ల తలరాత అలా ఉంటే నేనేం చేసేది.

రోజూ నాలుగింటికి లేచి పనిచేశాను. అది అబద్ధం కాదు కదా.

21 ఏప్రిల్

నాలుగింటికి తోటకు వెళ్తే సొన్నమ్మ అప్పటికే అక్కడుంది. ఎప్పుడొచ్చినావంటే, దినమూ వచ్చేదే గదప్పా అంది. ఆవుకు పాలు పిండి, ముద్ద వండి, అప్పుడొస్తుందట.

పదహారు.

24 ఏప్రిల్

పందొమ్మిది! కాళ్లూ చేతులూ నా మాట వింటున్నాయి. కాయను చూడకుండానే కోయడం వచ్చేసింది. నడుముకు గోనెసంచి కట్టుకుని రెండు చేతులతో కోస్తున్నాను. ఎడమ చెయ్యి పనికొస్తుందని యాభై రెండేళ్లకు తెలిసింది. కూలివాళ్లు నన్ను చూసి నవ్వడం మానేసి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. సాయంత్రం బాక్సు తలకెత్తుకుని గట్టు దాటుతుంటే ఎవరో వెనక నుంచి ఈల వేశారు. ఈ జన్మలో నాకు ఇంత ఆకలి, ఇంత నిద్ర లేవు. ఊరిగాం శాలువా నాడు కూడా ఇంత సంతోషం లేదు. నిజం.

26 ఏప్రిల్

ఇరవై మూడు. సొన్నమ్మ ఇరవై ఆరు. ఇంక రెండు రోజులు.

ఆ ఎకరాలో దారి తీస్తే ట్రాక్టరు రెండు నిమిషాల్లో తారురోడ్డు మీద ఉంటుంది. మూలన ఉన్న ఎండు బోరు గొట్టం పీకించేయాలి. ముందు ఆ పని చేయించాలి.

28 ఏప్రిల్, సోమవారం

గెలిచాను.

ఇరవై ఆరు, ఇరవై ఆరు. పాపన్న రెండుసార్లు లెక్కపెట్టాడు. మాపటికి నలభై మందీ పని ఆపేసి మా రెండు సాళ్ల చుట్టూ చేరారు. చివరి బాక్సు నింపుతున్నప్పుడు నా కళ్లకు చెమట తప్ప ఏమీ కనిపించలేదు. నింపి తలెత్తితే పక్క సాలులో సొన్నమ్మ కూడా అప్పుడే తలెత్తింది. ఆడవాళ్లు కేకలు వేశారు, పాపన్న నన్ను ఎత్తుకోబోయాడు, బరువుకు ఇద్దరం పడ్డాం. పడి నవ్వుతూనే ఉన్నాను.

నాకొక అనుమానం వచ్చి అడిగాను. "నువ్వేమన్నా తగ్గించి కోసినావా సొన్నమ్మా?"

ఆమెకు కోపం వచ్చింది. "తగ్గిస్తే నా చేతులు ఊరుకోవప్పా. నువ్వు కోసినావు. నీ కష్టమే, యాడికీ పోదు" అంది.

ఇంతకంటే ఏం కావాలి. యాభై రెండేళ్ల వాణ్ణి, జిల్లాలోనే పెద్ద టమాటా రైతును, కూలి సాలులో నిలబడి గెలిచాను.

29 ఏప్రిల్

రాత్రి భోంచేస్తూ ఆ మాటే నాలుగోసారి చెప్తున్నాను. చిన్నవెంకటమ్మ గంటె కింద పెట్టింది.

"ఒక్క మాట అడగతాను, కోపం తెచ్చుకోవద్దు. నిన్న నువ్వు సొన్నమ్మకు సమానంగా చేసినావా?"

"చేసినాను. అందరూ చూసినారు."

"అట్లయితే సొన్నమ్మ నీకు సమానంగా చేసినట్టే గదా?"

"చేసింది."

"ఒక్క దినం కాదు. పదైదేండ్లు చేసింది. ఊరిగాంలో నువ్వేమన్నావు? నాకు సమానంగా చేసినోళ్లెవురూ పేదోళ్లుగా మిగల్లేదు అన్నావు. మరి ఆయమ్మ ఎందుకు మిగిలింది?"

 నేను ఓడిపోయి ఉంటేనో, అన్నాను. ఓడిపోయింటే ఆమె నీకంటే ఎక్కువ చేసినట్టు, అప్పుడింగా అన్నేయం, అంది. గెలిచినా ఓడినా పోయేది నా మాటేనట. పందెం కట్టిన నాడే, నేను ఇల్లు చేరకముందే సొన్నమ్మ ఈ సంగతి తనకు చెప్పిందట. అందుకే నవ్విందట.

మరి ఆమె మడి పోతుంది కదా, దానికేం చెప్పింది, అన్నాను.

"నీళ్లు లేని మడి ఉండేమి పోయేమి అనింది. ఊరిగాంలో అన్న ఆ మాట మాత్రం తప్పని నీ చేత ఒప్పించి పోతాను అనింది."

అన్నం వదిలేసి లేచాను. నా ఇంట్లో నా మీదే కుట్ర.

30 ఏప్రిల్

పొద్దున్నే సొన్నమ్మ వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, పొలం కాగితాలు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వచ్చింది. "పదప్పా, ముళబాగిలికి పోయి రాసిస్తాను" అంది. రేపు అమావాస్య, తర్వాత చూద్దాం అన్నాను.

2 మే

అమావాస్య అయిపోయింది. కడుపులో బాగాలేదని చెప్పి పంపించాను.

3 మే

నా హద్దు లోపలే వేసుకున్నాను.

4 మే, ఆదివారం

ఈ రోజు నేనే సొన్నమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె ఆవుకు గడ్డి వేస్తోంది. నన్ను చూసి కవరు తేవడానికి లోపలికి పోబోయింది. వద్దన్నాను. మడి నాకు వద్దు, ఒక పంటకు నీళ్లు ఇస్తాను, అన్నాను. ఆ మాట చెప్పడానికి ఇంటి నుంచి అక్కడిదాకా ఎంత సాధన చేశానో నాకే తెలుసు. నా గొంతు పెద్దమనిషి గొంతులా ఉంది, అది నాకే వినిపించింది.

సొన్నమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటుందనుకున్నాను. గడ్డి వేయడం ఆపలేదు.

"ఒక పంటకెందుకప్పా? ఓడిపోయింటే ఒక పంటకు. నువ్వు గెలిచినావే, ఇద్దరం సమానమని తేలింది గదా."

"గెలిస్తే నువ్వు మడి ఇయ్యాల. వద్దంటా ఉండాను గదా. ఇంగేం కావాల నీకు?"

"దినం మార్చి దినం నీళ్లు కావాల. ఎప్పటికీ. కాగితం మీద రాసియ్యి."

నాకు ఒళ్లు మండింది. దానం చేయడానికి వచ్చినవాడితో బేరమా అన్నాను. నా హద్దు లోపల, నా డబ్బుతో వేసుకున్న బోరు అన్నాను.

అప్పుడు ఆమె గడ్డి మోపు కింద పెట్టింది. "హద్దురాళ్లు పైన ఉంటాయప్పా. నేల కింద ఎవురు నాటినారు? మా ఇంటాయన ముప్పై ఏండ్లు నేల కిందనే పని చేసినాడు. ఆయప్పకు తెలుసు నీళ్లు యాడుండాయో, యాడికి పోయినాయో."

"తెలిసుంటే ఎందుకు అడగలేదు?"

"గనిలో బండలు కూలినప్పుడు మీ నాయన మా ఇంటాయన్ని కాలు పట్టి బయటికి ఈడ్చినాడంట. ఆయప్ప కొడుకుతో నీళ్ల కోసరం కొట్లాడతానా అన్నాడు. సచ్చేదాకా నోరెత్తలేదు. నేను బతికుండాను, నేను అడగతాను."

నేను అక్కడున్న రోలు మీద కూర్చుండిపోయాను. నా కష్టం కథలో మా నాయన డబ్బు ఉందని నాకు తెలుసు. మా నాయన ఎవరినో బతికించిన పుణ్యం కూడా అందులో ఉందని, దాన్ని పదిహేనేళ్లు నేనే తాగానని తెలియదు. సిగ్గేసింది. ఈ మాట రాస్తుంటే ఇంకా వేస్తోంది.

రాసిస్తాను అన్నాను. సొన్నమ్మ లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

5 మే

ఇంత పెద్ద మనసు ఈ తాలూకాలో ఇంకెవరికుందని ఇంట్లో అన్నాను. చిన్నవెంకటమ్మ, ఆమె సొమ్ము ఆమెకిచ్చేదానికి మనసు ఎందుకు, చెయ్యి చాలు అంది. ముళబాగిలికి పోయి స్టాంపు పేపరు మీద రాయించాను. సోమ, బుధ, శుక్రవారాలు ఆమెకు, మిగతావి నాకు. ఆదివారం నాకు ఎక్కువ వచ్చిందని సొన్నమ్మ గొణిగింది. నేను వినిపించుకోలేదు.

9 మే, శుక్రవారం

పొద్దున కరెంటు వచ్చింది. వాల్వు సొన్నమ్మే తిప్పింది. పైపు దగ్గింది, గాలి వదిలింది, తర్వాత నీళ్లు వచ్చి సాలులో పడ్డాయి. ఎండిన మట్టి కాసేపు వాటిని అక్కడికక్కడే మింగేసింది, తర్వాత పారనిచ్చింది. తోటలో పనిచేసే ఆడవాళ్లంతా వచ్చి గట్టు మీద నిలబడ్డారు.  సొన్నమ్మ చీర ఎత్తి దోపుకుని పార తీసుకుని నీటి ముందు నడిచింది. ఆమె అంత వేగంగా నడవడం కోతలో కూడా చూడలేదు.

నాకు ఏడుపొచ్చింది. రాయడానికి నాకేం భయం.

19 మే

సొన్నమ్మ నారు నాటింది. నాకు కబురు పెట్టింది, రెండు చేతులతో పని చేసేవాళ్లు తక్కువైనారట. వెళ్లాను. సాయంత్రం కూలి ఇవ్వబోయింది. వద్దంటే ఒప్పుకోలేదు. మగకూలి ఇచ్చింది. అందరి ఎదురుగా అడిగాను, నువ్వు నా దగ్గర చేసినప్పుడు ఎంత తీసుకున్నావు, అదే ఇయ్యి అని. ఆడవాళ్లంతా ఒక్కసారి నా వైపు చూశారు. వచ్చే కోత నుంచి నా తోటలో ఆడకూలి, మగకూలి ఒకటే అని పాపన్నకు చెప్పాను. వాడు నాకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు.

11 జూన్

వానలు లేవు. అందరి తోటలూ వాడుతున్నాయి. నా నీళ్లు సగమే కాబట్టి నాలుగెకరాలు వదిలేశాను. బాధగానే ఉంది. దేవుణ్ణి కాను కదా.

2 ఆగస్టు, శనివారం

మూడు మాటలు రాసి పడుకుందామనుకున్నాను, చెయ్యి ఆగడం లేదు.

వానలు లేక మార్కెట్టుకు సరుకు రాలేదు, ధర ఆకాశాన్నంటింది. పొద్దున మండీలో సొన్నమ్మ మొదటి కోత వేలానికి వచ్చింది. యాభై బాక్సులు, ఒక్క కాయకూ తొడిమె లేదు. ఆమె ఎప్పుడూ మండీ లోపలికి రాలేదు. ఇన్నేళ్లూ ఆమె కోసిన కాయలు నా పేరు మీదే అమ్ముడుపోయాయి. గేటు దగ్గరే నిలబడిపోతే నేనే లోపలికి పిలుచుకుపోయాను.

బచ్చప్ప కాయ ఒకటి చేతిలో తిప్పి చూసి, పేరు అడిగి, గొంతెత్తి, "నంగలి సొన్నమ్మ సరుకు" అని అరిచాడు. మద్రాసు వాళ్లూ, నాగపూరు వాళ్లూ పోటీపడి పాడారు. పాట ఆగినచోట మా ఊరి రైతులంతా హో అని అరిచారు. ఈ రోజు మండీలో అదే పెద్ద ధర. నా సరుకుకు కూడా అంత రాలేదు. సొన్నమ్మ కొంగు భుజం చుట్టూ బిగించి నిటారుగా నిలబడింది.

బచ్చప్ప నా దగ్గరికి వచ్చాడు. "ఏమప్పా ఓబలప్పా, నీ కాడ కూలికొచ్చే మనిషి గదా ఈయమ్మ? ఒకే పంటలో ఇట్లెట్ల లేచిపాయె? బాగా కష్టపడినట్టుండాది."

నిజమే, బాగా కష్టపడింది, అని నోటిదాకా వచ్చింది. ఊరిగాంలో మైకు ముందు ఎంత సులభంగా వచ్చిందో అంత సులభంగా వచ్చింది. పక్కన సొన్నమ్మ వింటోంది. చుట్టూ వందమంది రైతులున్నారు, వాళ్లలో బోరు పడనివాళ్లే ఎక్కువ.

"కష్టం ఆయమ్మకు ముందునించీ ఉండాది బచ్చప్పా" అన్నాను, అందరికీ వినపడేలా. "నీళ్లే నా కాడ ఉండిపోయినాయి."